కాపు ముగిసిన తరువాత కావలి

"తేనెతుట్టెను కదిపినట్లు" అనే జాతీయం తెలియని తెలుగువారు ఉండరు. ముప్పై ఏళ్ళకు పైగా తరగతి గదుల్లో దీనికి అర్థం చెప్పాను, సొంతవాక్యంలో ప్రయోగించమని పిల్లలను అడిగాను, వాళ్ళు రాసిన వాక్యాలను ఎర్రసిరాతో దిద్దాను. ఆ వాక్యాలన్నింటిలోనూ తేనెతుట్టె ఎప్పుడు కదిపినా ఒకేలా రేగేది. జాతీయానికి ఋతువులతో పని లేదు గదా!

తేనెటీగలను పెంచేవారి మాట వేరు. పూలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో చేతికి తొడుగు కూడా లేకుండా తెరిచి చూసిన పెట్టెనే, పూల కాలం వెళ్ళిపోయాక మూత ఎత్తబోతే ఈగలు ముఖం మీదికి వస్తాయి. పెట్టె అదే, రాణి అదే, మనిషీ అతడే. మారింది నెల. మా ఊరి పొద్దుతిరుగుడు చేల గట్టున కొన్నేళ్ళ క్రితం పెట్టెలు దించిన ఒక పెంపకందారు నాతో ఈ మాట అన్నప్పుడు "ఎందుకని?" అని అడిగాను. "వాటికి దిగులు పట్టుకుంటుందండీ, పంతులుగారూ" అన్నాడాయన. ఆ ఒక్క మాట పట్టుకొని నేను చదవటం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ చిన్న ప్రశ్నకు రెండువేల మూడువందల ఏళ్ళ చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ఈగ కంటే మనిషే ఎక్కువగా కనిపిస్తాడు. ఈగ ఎందుకు కుట్టిందో చెప్పబోయి మనిషి ప్రతి కాలంలోనూ తన మనసులో ఉన్నదే చెప్పుకొన్నాడు.

ముందుగా ఒక మాట మీద ఆగుతాను. తెలుగు పండితుణ్ణి, అలవాటు పోదు. మన "కాచు" ధాతువు చిత్రమైనది. చెట్టు కాస్తుంది, కావలివాడూ కాస్తాడు. ఫలించడానికీ రక్షించడానికీ ఒకే క్రియ. "కాపు" అన్న నామవాచకంలో కూడా ఆ రెండర్థాలూ ఉన్నాయి. వ్యుత్పత్తిలో ఇవి ఒకటేనా, రెండు వేరువేరు ధాతువులు కాలక్రమాన ఒక రూపానికి వచ్చాయా అన్నది నిఘంటుకారుల విషయం. తేనెటీగ సంవత్సరానికి మాత్రం ఈ మాట అచ్చుగుద్దినట్లు సరిపోతుంది. ఏడాదిలో సగం ఒక కాపు, మిగిలిన సగం రెండో కాపు.

మన కావ్యాల్లో ఈ రెండో కాపు కనబడదు. అక్కడ విహరించేది చాలావరకు తుమ్మెద. మావిడిపూత మీద, తామరల మీద, మదగజాల చెక్కిళ్ళ మీద. తేనెటీగకు ఆ భోగం తక్కువ. దాన్ని పట్టించుకొన్నది నిఘంటువులూ వైద్యగ్రంథాలే. అమరకోశం సరఘా అనీ, మధుమక్షికా అనీ పేర్లిచ్చింది. సుశ్రుతుడు తేనెలను ఎనిమిది రకాలుగా విభజించి, ఈగల భేదాన్ని బట్టి మాక్షికం, భ్రామరం, క్షౌద్రం, పౌత్తికం వంటి పేర్లు పెట్టాడు. కవులకు వసంతం చాలు. శరత్తు చివర తుట్టె దగ్గర ఏం జరుగుతుందో వారికి అక్కరలేకపోయింది. ఒక్క భాగవతం ఏకాదశ స్కంధంలో, అవధూత యదువుకు తన ఇరవైనలుగురు గురువులను చెప్పే సందర్భంలో, కూడబెట్టిన దానితోపాటు నశించే ఈగా, ఆ కూడబెట్టినదాన్ని పట్టుకుపోయే మధుహారీ కనిపిస్తారు. దాచడంలోనే అపాయం ఉన్నదని అవధూత గ్రహించాడు. ఆయన చూపు సన్న్యాసిది కనుక "దాచకు" అని నేర్చుకొన్నాడు. శీతదేశంలో పుట్టిన ఈగకు ఆ ఉపదేశం పనికిరాదు. దాచకపోతే ఫిబ్రవరి చూడదు.

గ్రీకు దేశానికి వెళ్దాం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ పేర ఉన్న జంతుచరిత్రలో తొమ్మిదో భాగం తేనెటీగల గురించి చాలా చెబుతుంది. (ఆ భాగం ఆయన రచనేనా అని విద్వాంసులు తర్కించుకొంటారు, మన ప్రక్షిప్తాల తగవులాంటిదే.) తేనె తరిగిపోయినప్పుడు ఈగలు పోతుటీగలను బయటికి గెంటుతాయని అందులో ఉన్నది. ఇతరుల గూళ్ళలోకి దొంగతనానికి దూరే ఈగలు ఉన్నాయని, ప్రతి ద్వారం దగ్గరా కావలి ఉండటం వల్ల దొరక్కుండా దూరటం కష్టమని, ఒకవేళ దూరినా కడుపు నిండా తాగి ఎగరలేక గూటి ముందు దొర్లుతూ చిక్కిపోతాయని ఉన్నది. తేనె తీసేవాడు చలికాలానికి సరిపడా వదలాలని కూడా చెప్పాడు. అంటే కావలి, దొంగ, కరువు, చలికాలపు నిల్వ అన్నీ అక్కడే ఉన్నాయి. ఉన్నా వాటన్నిటినీ ఒక తాడున కట్టలేదు. ఈగ మనిషిని ఎందుకు కుడుతుంది అన్న చోటికి వచ్చేసరికి ఆయన చెప్పిన కారణం సుగంధ ద్రవ్యాలు. అత్తరు పూసుకొన్నవారిని ఈగలు సహించవట.

ఆ దారే తరువాత పద్ధెనిమిది, పంతొమ్మిది వందల ఏళ్ళు నడిచింది. ఈగ కుట్టిందంటే కుట్టించుకొన్నవాడిలో ఏదో దోషం ఉండాలి. రోమనులు ఈ భావాన్ని పెంచారు; క్రైస్తవ ఐరోపా దానికి ధర్మశాస్త్రం జోడించింది. దీని పరాకాష్ఠ ఇంగ్లండులో హాంప్‌షైర్‌కు చెందిన మతాచార్యుడు చార్లెస్ బట్లర్ 1609లో ప్రచురించిన గ్రంథంలో కనిపిస్తుంది. పేరు "ఫెమినిన్ మొనార్కీ", అనగా స్త్రీరాజ్యం. గూటిని ఏలేది రాజు కాదు, రాణి అని ఆంగ్ల పాఠకులకు గట్టిగా చెప్పిన పుస్తకం. 1623 ముద్రణలో ఈగల ఝంకారాన్ని సంగీత స్వరాల్లో రాసి పెట్టాడు, అదొక ముచ్చట. ఈయన ఈగల అనుగ్రహం కోరేవాడికి నియమాలు చెప్పాడు. వ్యభిచరించరాదు, మురికిగా ఉండరాదు, ఉల్లి వెల్లుల్లి తిన్న నోటితో దగ్గరికి పోరాదు, తాగి ఉండరాదు, ఒగరుస్తూ రొప్పుతూ పోరాదు. మా చిన్నతనంలో వ్రతకథల పుస్తకం చివర ఉండే నియమాల పట్టిక లాగా ఉంటుంది చదువుతుంటే.

నవ్వి పక్కన పెట్టవలసిన పుస్తకం మాత్రం కాదు. అదే బట్లర్ మరొకటి గమనించాడు. ఒక ఈగ కుట్టితే, మనిషిని కాక బట్టను కుట్టినా సరే, అక్కడ నిలబడకుండా వెళ్ళిపొమ్మంటాడు. కొండితోపాటు వెలువడిన విషపు వాసనకు మిగిలిన ఈగలు వచ్చి మీద పడతాయని కారణం చెప్పాడు. నీతిబోధ చేస్తూ చేస్తూ ఉన్న ఒక మతాచార్యుడు, మధ్యలో ఒక వాక్యంలో, మూడున్నర శతాబ్దాల తరువాత రసాయన శాస్త్రం నిరూపించబోయే సంగతి చెప్పి మళ్ళీ తన దారిన పోయాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో మిక్కిలి ఇష్టమైన ఘట్టం ఇదే.

ఇక్కడ ఆ కాలపు తేనె తీసే పద్ధతి చెప్పకపోతే కథ అర్థం కాదు. అప్పటి గూడు గడ్డితో అల్లి బోర్లించిన బుట్ట. లోపలి పట్టు బుట్టకే అంటుకొని ఉంటుంది. తీసి చూసి మళ్ళీ పెట్టే వీలు లేదు. అందుచేత ఇంగ్లండు పల్లెల్లో వేసవి చివర, ఆగస్టు సెప్టెంబరు నెలల్లో, గొయ్యి తవ్వి గంధకం పూసిన గుడ్డపేలికలు వెలిగించి, బుట్టను దానిమీద పెట్టేవారు. ఈగలన్నీ చచ్చి రాలేవి. దీనికి ఎంపిక చేసేది అన్నిటికంటే బరువైన బుట్టలనూ, అన్నిటికంటే తేలికైనవాటినీ. బరువైనదానిలో తేనె ఎక్కువ; తేలికైనది ఎలాగూ చలికాలం దాటదు. మధ్యరకం బతికి మరుసటేడు విత్తనంగా నిలిచేది. ఏ నెలలో ఈగలు మిక్కిలి ఉగ్రంగా ఉంటాయో ఆ నెలలోనే మనిషి వాటి దగ్గరికి గంధకం పట్టుకొని వెళ్ళాడు. వాటి స్వభావం గురించి అతనికి ఏర్పడిన అభిప్రాయంలో ఈ సమయపాలన పాత్ర ఎంతో ఆలోచించండి. ఏడాది పొడుగునా సౌమ్యంగా ఉన్న జీవిని దాని పంట పోయే రోజున మాత్రమే కలిసి, ఇది కోపిష్ఠిదని తీర్మానించడం లాంటిది. పరీక్ష ఫలితాల రోజున మాత్రమే పిల్లవాణ్ణి చూసే తండ్రులు కొందరు ఉండేవారు, వాళ్ళు గుర్తుకొచ్చారు. 1832లో థామస్ నట్ అనే ఆయన ఈగలపట్ల మానవత్వం అన్న అర్థం వచ్చే పేరుతోనే పుస్తకం రాసి, చంపకుండా తేనె తీయమని వాదించాడు.

బట్లర్ వాసనను ఊహించాడు. దాన్ని పరీక్షించినవాడు జెనీవా నగరవాసి ఫ్రాన్స్వా హ్యూబర్. ఈయన అంధుడు. పదిహేనేళ్ళ ప్రాయం నుంచి చూపు మందగించి పోయింది. బర్నెన్స్ అనే సేవకుడు కళ్ళుగా, తాను బుద్ధిగా, ఇద్దరూ కలిసి చేసిన పరిశీలనలు 1792లో ఒక సంపుటంగా, 1814లో మరింత విస్తరించి వెలువడ్డాయి. కొండిని పీకి గూటి ద్వారం దగ్గరి ఈగల ముందు పెడితే అవి చెలరేగిపోవటం చూశారు. గాజు బల్ల మీద గూళ్ళు పెట్టి కింది నుంచి గమనించి, వేసవి నడుమ కూలి ఈగలు పోతుటీగలను కుట్టి చంపటం కళ్ళారా చూశారు (ఎవరి కళ్ళారా అన్నది మీరు అడగవద్దు). రాణి లేని గూళ్ళలో మాత్రం ఆ హత్యాకాండ జరగలేదు. అంటే అది ఋతువుకు తలెత్తే పిచ్చి కాదు, గూటి అవసరాన్ని బట్టి జరిగే పని. రాణి లేకపోతే కొత్త రాణిని కలవటానికి పోతుటీగ కావాలి, కాబట్టి బతకనిచ్చాయి.

హ్యూబరే రాసిన మరో సంగతి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. వీపు మీద పుర్రె ఆకారపు మచ్చ ఉండే ఒక పెద్ద చిమ్మట ఐరోపాలో వేసవి చివర రాత్రివేళ గూళ్ళలో దూరి తేనె తాగుతుంది. దాని బెడద పెరిగినప్పుడు ఈగలు తమ ద్వారానికి మైనమూ చెట్టుజిగురూ కలిపి అడ్డుగోడ కట్టాయట. ఒకటి రెండు ఈగలు పట్టే సందు మాత్రం వదిలాయట. రాకపోకలు పెరిగే కాలం వచ్చినప్పుడు ఆ గోడను తామే తొలగించాయట. కోపం అన్న మాట ఈ గోడకు ఎక్కడ అతుకుతుంది? కుట్టటమూ గోడ కట్టటమూ ఒకే కార్యానికి రెండు ఉపాయాలు. కోట గుమ్మం ముందు భటుణ్ణి నిలపటమూ, తలుపు గడియ వేయటమూ వంటివి.

తరువాతి మలుపు అమెరికాలో. 1851లో ఫిలడెల్ఫియాలో మతాచార్యుడు లాంగ్‌స్ట్రాత్ ఒక కొలత కనిపెట్టాడు. పట్టుకూ గోడకూ మధ్య అంగుళంలో 3/8 వంతు ఖాళీ ఉంటే ఈగలు దాన్ని పూడ్చకుండా నడవగా వాడుకొంటాయి. ఆ ఖాళీని అనుసరించి చట్రాలు వేలాడదీసిన పెట్టె చేశాడు. 1852లో పేటెంటు పొందాడు. ఇప్పటి పెట్టెలన్నీ దాదాపు దాని సంతానమే. దీనివల్ల మొదటిసారిగా మనిషి, గూటిని నాశనం చేయకుండా, ఏడాదిలో ఏ నెలలోనైనా తెరిచి చూడగలిగాడు. అంతకుముందు పోలిక లేదు. ఇప్పుడు పోలిక వచ్చింది. మే నెల ఈగా ఆగస్టు ఈగా ఒకే ఈగలు కావని, అంటే ప్రవర్తనలో కావని, రోజూ పెట్టె తెరిచేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? లాంగ్‌స్ట్రాత్ తన 1853 పుస్తకంలో ఒక సూత్రం చెప్పాడు. కడుపు నిండా తేనె ఉన్న ఈగ తనంతట తాను దాడికి రాదు. పొగ వేస్తే ఈగలు తేనె తాగుతాయి, అందుచేత శాంతిస్తాయి అనేది కూడా దాని విస్తరణే. (పొగ హెచ్చరిక వాసనను పసిగట్టే శక్తిని కూడా తగ్గిస్తుందని 1990లలో తెలిసింది.) ఈ సూత్రంతో చర్చ మనిషి పాపాల నుంచి ఈగ కడుపులోకి మారింది. దారి సరిగా పడింది. కాని ఇంకా ఒక్క ఈగ కడుపు దగ్గరే ఆగింది. గూటి మొత్తపు గాదె దాకా రాలేదు.

అది 20వ శతాబ్దంలో జరిగింది. 1925లో జర్మనీలో రోష్ అనే పరిశోధకుడు ఈగలకు రంగు గుర్తులు పెట్టి, కూలి ఈగ వయసును బట్టి పనులు మారుతాయని చూపాడు. మొదట గదులు శుభ్రం చేయటం, పిల్లపురుగులకు మేపటం, తరువాత మైనం పని, తరువాత ద్వారం దగ్గర కావలి, మూడు వారాల వయసు దాటాక బయట పూల మీదికి. 1952లో ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రానికి చెందిన సి. జి. బట్లర్, ఫ్రీ అనే ఇద్దరు గూటి వాకిట ఈగల నడతను వివరంగా ప్రచురించారు. (ఈ బట్లర్ వేరు, పేరు మాత్రం మూడు శతాబ్దాల తరువాత అదే వాకిట్లో వచ్చి నిలబడింది.) ఆ రోజుల్లోనే రిబ్బాండ్స్ అనే శాస్త్రవేత్త ఒక్కొక్క గూటికి ఒక్కొక్క వాసన ఉంటుందనీ, దానితోనే సొంత ఈగకూ పరాయి ఈగకూ తేడా తెలుస్తుందనీ చూపించి, ఈగల సమాజం తన్ను తాను ఎలా రక్షించుకొంటుందో రాశాడు. 1962లో బాక్, షియరర్, స్టోన్ అనే ముగ్గురు బట్లర్ పాదరి చెప్పిన విష వాసనలోని ముఖ్య పదార్థం ఏదో తేల్చారు. ఐసోపెంటైల్ ఎసిటేట్. మిఠాయిల్లో అరటిపండు వాసన కోసం కలిపేది ఇదే. పెట్టె తెరవబోయే ముందు అరటిపండు తినవద్దని పెంపకందారులు చెప్పుకొనేది అందుకే. అప్పుడే పుట్టిన ఈగలో ఈ ద్రవ్యం దాదాపు ఉండదు. కావలి వయసు వచ్చేసరికి నిండుగా ఉంటుంది.

2000లో డౌన్స్, రాట్నీక్స్ అనే ఇద్దరు ఇంగ్లండులో చేసిన పని నేరుగా మన ప్రశ్నకు వస్తుంది. పూలు సమృద్ధిగా ఉన్నప్పుడూ లేనప్పుడూ, సొంత ఈగలనూ పరాయి ఈగలనూ గూటి వాకిట వదిలి, కావలి ఈగలు ఎవరిని రానిస్తాయో ఎవరిని గెంటుతాయో లెక్కపెట్టారు. పూలు బాగా ఉన్న రోజుల్లో పరాయివాటిని కూడా చాలావరకు లోపలికి పోనిచ్చాయి. పూలు కరువైన రోజుల్లో అడ్డగించాయి, పోరాడాయి. అంటే కావలి ఈగ ముక్కు మారలేదు. పరాయిదని తెలిసే సామర్థ్యం అప్పుడూ ఇప్పుడూ ఉన్నది. ఎంతవరకు చూసీ చూడనట్లు పోవాలి అన్న గీత జరిగింది. బయట తేనె దొరుకుతున్నప్పుడు దొంగతనం చేసే ఈగలు తక్కువ; ఒకటీ అరా దూరినా నష్టం స్వల్పం; ప్రతిదాన్నీ ఆపి సోదా చేయటమే దండగ. కరువులో లెక్క తారుమారు అవుతుంది. గీత బిగిసేకొద్దీ సొంతవాళ్ళను కూడా పొరపాటున ఆపే ప్రమాదం పెరుగుతుంది. ఆ నష్టానికి కూడా గూడు ఓర్చుకొంటుంది.

ఇప్పుడు ఆగస్టు నెలలో ఒక ఆంగ్ల పల్లెలోని పెట్టెను మనసులో పెట్టుకొని చూడండి. మే నెల పండ్లతోటలు పోయాయి. జూన్, జూలైల తెల్ల క్లోవర్, లిండెన్ పూలు పోయాయి. పెట్టెలో నలభై యాభై వేల ఈగలున్నాయి. పూల కాలానికి సరిపోయేటట్లు పెరిగిన సైన్యం అది. మకరందం లేదు కనుక పనిలేదు. పూల రోజుల్లో మధ్యాహ్నం మూత ఎత్తితే ఇంట్లో ఉండేవి ఎక్కువగా లేత ఈగలు. కొండిలో విషమూ వాసనా నిండిన ముదురు ఈగలు పొలాల మీద ఉండేవి. ఇప్పుడు ఆ ముదురు ఈగలన్నీ ఇంట్లోనే ఉన్నాయి. రాణి గుడ్లు తగ్గించింది, లేత ఈగల పాలు తగ్గింది. లోపల గాదె నిండి ఉన్నది. చలికాలం దాటటానికి ఒక గూటికి 15 నుంచి 20 కిలోల తేనె కావాలి, మళ్ళీ సంపాదించే అవకాశం మరుసటి వసంతం దాకా లేదు. ఇరుగు పొరుగు పెట్టెల్లోని నిరుద్యోగులు వాసన పట్టుకొని తిరుగుతున్నాయి. బలహీనమైన గూడు ఒకటి దొరికితే ఒకటి రెండు రోజుల్లో ఊడ్చిపెట్టేస్తాయి. కందిరీగలు తమ గూళ్ళలో పిల్లపురుగులు తగ్గిపోయి, వాటి నుంచి అందే తీపి ద్రవం లేక, తీపి కోసం పెట్టెల మీద పడతాయి. ఇవన్నీ చాలనట్టు సరిగ్గా ఆ వారంలోనే యజమాని గారు ముసుగు వేసుకొని, పొగ పట్టుకొని, తేనె తీయటానికి వస్తారు. తీసేటప్పుడు నాలుగు చుక్కలు నేల మీద కారుస్తారు. ఆ వాసనకు చుట్టుపక్కల దొంగలందరికీ ఆహ్వానపత్రిక అందుతుంది.

ఆ పెంపకందారు అన్న "దిగులు" అన్న మాట నాకు ఇప్పటికీ బాగానే తోస్తుంది. శాస్త్రం ఒప్పుకోదు గాని, కోపం కంటే అది దగ్గరి మాట.

మరి మన దేశపు ఈగల సంగతి? ఇక్కడే ఐరోపా వారి గ్రంథాలు మనకు సగమే పనికివస్తాయి. కొండచరియలకూ, మహావృక్షాలకూ, నీళ్ళ ట్యాంకులకూ పెద్ద పట్టు వేలాడదీసే కొండ తేనెటీగ, శాస్త్రంలో ఏపిస్ డార్సేటా, పూల కాలం అయిపోతే తేనె తాగేసి, పట్టు అక్కడే వదిలి, మరో ప్రాంతానికి వలసపోతుంది. నల్లమల చెంచులు తాళ్ళు కట్టుకొని కొండచరియల మీది నుంచి దించేది ఈ తేనెనే. తొర్రల్లో, గోడ సందుల్లో, పుట్టల్లో ఉండే దేశవాళీ ఈగ, ఏపిస్ సెరానా, కరువు ముదిరితే గూడు విడిచి లేచిపోవటం సాధారణం. మన ఈగలకు చలికాలపు గాదె తప్పనిసరి కాదు. పూలు ఎక్కడో ఒకచోట ఉంటాయి, ఎగిరిపోతే దొరుకుతాయి. కదిపితే కుట్టవని కాదు సుమా! డార్సేటా కుట్టటం ప్రాణాంతకం కాగలదు. మన జాతీయం పుట్టింది బహుశా ఆ పట్టును చూసే. కాని ఋతువు చివరి గాదె కావలి అన్నది ముఖ్యంగా పోలేని ఈగ లక్షణం, ఉండిపోవలసి వచ్చిన ఈగ లక్షణం. అవధూత చూసిన ఈగ ఏదో మనకు తెలియదు గాని, లేచిపోయే ఈగను చూసి ఉంటే ఆయన దాన్ని మెచ్చుకొనేవాడేమో.

ఉండిపోయే ఈగ మన దేశానికి తరువాత వచ్చింది. ఐరోపా జాతి ఏపిస్ మెల్లిఫెరా ఇక్కడ విజయవంతంగా నిలదొక్కుకొన్నది 1962లో, అప్పటి పంజాబులోని, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో. 1990ల మొదట్లో థాయి సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణ భారతంలో దేశవాళీ ఈగలను ఘోరంగా దెబ్బతీసింది. ఆ తరువాత ఈ విదేశీ ఈగల పెట్టెలు ఇటు మరింతగా వ్యాపించాయి. మన పొద్దుతిరుగుడు చేల గట్ల మీద కనిపించే పెట్టెలు ఇవే. వీటికి ఇక్కడ మంచు లేదు, కాని వాన ఉన్నది. ముసురు రోజుల్లో పూలు కరువై, ఈగలు లోపలే ఉండి, ఆగస్టు ఇంగ్లండులో జరిగేదే మన శ్రావణ భాద్రపదాల్లో జరుగుతుంది. ద్వీపం మారినా జాతి తన పంచాంగాన్ని వెంట తెచ్చుకొన్నది; తిథులు మాత్రం మారాయి.

పెంపకందారులు దీనికి చేసే పనులు పాతవే. పెట్టె ద్వారాన్ని రెండు మూడు ఈగలు పట్టేంత వరకు కుదిస్తారు, హ్యూబర్ ఈగలు కట్టిన గోడ లాగానే. బలహీనమైన గూళ్ళను బలమైనవాటితో కలుపుతారు. చక్కెర పాకం పగలు పెట్టరు. చీకటి పడ్డాక, ఒక్క చుక్క బయట పడకుండా పెడతారు. పెట్టె తెరిస్తే నిమిషాల్లో మూసేస్తారు, సాధ్యమైతే తెరవనే తెరవరు.

శీతదేశాల్లో ఈ కావలికి ఒక ముగింపు ఉన్నది. బయటి ఉష్ణోగ్రత 14 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు దిగిందంటే ఈగలు ద్వారాన్ని వదిలి లోపలికి పోయి, పట్టుల నడుమ రాణిని మధ్యలో పెట్టుకొని, ఒక ఉండగా ముడుచుకోవటం మొదలుపెడతాయి. కందిరీగలు అప్పటికి చలికి చచ్చిపోయి ఉంటాయి. పొరుగు ఈగలు కూడా తమ తమ ఉండల్లో ఉంటాయి. వాకిట ఎవరూ ఉండరు. అప్పుడు పొలాల్లోంచి ఎలుకలు వస్తాయి, వెచ్చగా ఉంటుందని పెట్టెలో దూరి, పట్టు కొరికి గూడు కట్టుకొంటాయి. అందుకని అక్టోబరు రాగానే అక్కడి పెంపకందారులు ప్రతి పెట్టె వాకిలికీ ఈగ పట్టి ఎలుక పట్టని చిన్న చిన్న చిల్లులున్న రేకు ముక్క ఒకటి మేకులతో బిగిస్తారు.